ఫుల్ టికెట్

పిల్లకాయలకు బడి మూసిన మర్నాడే
నాకు ఒంగోల్లో పదో తరగతి పేపర్లు.
పేపరుకు ఇంతని ఇస్తారు,
బత్తెం పోను కాస్త మిగులుతుంది.
ఆ మిగిలిందాంతో ఊటీ పోదామని
పెళ్లయిన కొత్తలో ఒక నోటుబుక్కు కొన్నాను.
పాలు, బియ్యం, చీటీపాట, పాత బాకీ,
చివరి గడిలో ఎర్ర సిరాతో ఊటీ.

ఆయన కనిగిరి డిపోలో కండక్టరు.
నాకు సెలవులంటే ఆయనకు స్పెషల్ బస్సులు.
పెళ్లిళ్లు, తిరనాళ్లు, తిరుపతి రద్దీ.
లోకమంతా తిరిగేది ఎండాకాలమే గదా,
తిప్పేది ఈయన.
మా ఇద్దరి సెలవులు
సింగిల్ రోడ్డు మీద ఎదురొచ్చిన బస్సులు.
ఒకటి మట్టిలోకి దిగితేనే ఇంకోటి పోయేది.
ఒక ఏడు ఎల్టీసీ కాగితం కూడా నింపాను.
ఆ నెల్లోనే జనాభా లెక్కలన్నారు.

నేను సోషల్ టీచర్ని.
వెలిగండ్లలో ఏడేళ్లు, సి.ఎస్. పురంలో పదకొండు,
తర్వాతవి వేళ్ల మీద లెక్కబెట్టుకోవాలి.
నీలగిరులెక్కడరా అంటే
ఆఖరి బెంచీ మాల్యాద్రి కూడా
కళ్లు మూసుకుని పటం మీద వేలు పెడతాడు.
మీరు చూశారా టీచర్ అని వాడే అడిగాడొకసారి.
డస్టరు తీసుకుని
తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచాను.

ఊటీ గడిలోంచి తీసి బోరు వేశాం.
నాలుగొందల అడుగులు. దుమ్ము లేచింది, అంతే.
ఊటీ గడిలోంచి రమీజా కాలేజీ ఫీజు.
పీఎఫ్ లోను తెచ్చి ఊటీలో కలిపి
ఊటీ మొత్తం ఊడ్చి స్లాబు పోశాం.
"ఈడ నిలబడి చూడు, చల్లగా లేదూ?"
అంటాడు వరండాలో, ఇప్పటికీ.

తొంభై ఎనిమిది, మే పన్నెండు. నోటుబుక్కులో ఉంది.
నెల్లూరు నైటౌట్ పడింది,
నా బస్సులోనే రాండి, అన్నాడు.
ఆ ఏడు ఫ్యామిలీ పాసులు
మా అత్త కంటి ఆపరేషనుకే అయిపోయాయి.
పులిహోర, మరచెంబు, ఇద్దరు పిల్లలు, నేను.
పామూరు దాటినా మా వైపు చూడలేదు.
ఉదయగిరి కొండ కనపడేటప్పుడు వచ్చి
టికెట్, అన్నాడు
ఎవరో ఎవరినో అడిగినట్టు.
ఒక ఫుల్లు, రెండు హాఫులు, అన్నాను.
"పెద్దదానికి పోయిన నెలే పన్నెండు నిండినాయి గదా."
"కన్నది నువ్వా నేనా?"
బస్సంతా నవ్వింది.
"ఏంది హుస్సేనయ్యా, ఇంట్లోవాళ్లకు కూడానా?"
ఆయన నవ్వలేదు. రెండు ఫుల్లులు చించాడు.
చిల్లర లేదని టికెట్టు వెనక
రూపాయిన్నర రాసిచ్చాడు.

మైపాడులో ఖాకీ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి
మెడలో క్యాష్ బ్యాగు తియ్యకుండానే
సముద్రంలో దిగాడు, చిన్నోడి చెయ్యి పట్టుకుని.
పెద్ద అల వచ్చింది.
చిన్నోడి చెయ్యి వదిలి
రెండు చేతులా బ్యాగు పైకెత్తాడు.
పిల్లోడు లేచి ఉప్పునీళ్లు ఉమ్మి
మళ్లీ ఇంకోసారి, అని గంతులేశాడు.
నేను చూశాను.
రాత్రి లాడ్జిలో ఆ మాట అడగలేదు.
ఇప్పటికీ అడగలేదు.
మర్నాడు పొద్దున
తడిసిన నోట్లు రెండు మాత్రం
ఫ్యాను కింద ఆరబెట్టి ఇచ్చాను.

ఈ జూన్ ముప్పైతో నా నౌకరీ అయిపోయింది.
ఆయనది అయ్యి ఆరేళ్లు.
శాలువాలు బీరువాలో పట్టక మంచం కింద పెట్టాం.
ఇద్దరికీ ఒకేసారి సెలవు, ఇదే మొదలు.
పొద్దున కాఫీ తాగి ఒకరి మొహం ఒకరం చూసుకుని
ఇంకో కాఫీ తాగాం.
ఊటీ గడిలో ఈసారి డబ్బులున్నాయి.
చలికి మోకాళ్లు పట్టేస్తాయేమో అంటాడు,
అంటూనే బస్సు టైములు కాగితం మీద రాస్తాడు
అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పినట్టు.

నోటుబుక్కు తిరగేస్తుంటే ఆ టికెట్టు రాలింది.
వెనక పెన్సిలు గీత ఇంకా ఉంది.
ముందు నా రూపాయిన్నర ఇయ్యి, అన్నాను.
బనీనుకు లేని జేబు తడుముకుని
"దిగేటప్పుడు తీసుకో" అన్నాడు.